పిల్లులున్న ఇంట్లో ఫ్లీలను వదిలించడం: మొదటి రోజు నుంచి మూడో నెల దాకా

దసరాకు తొమ్మిది రోజులు ఊళ్లో ఉండి నల్గొండ వచ్చాం. తాళం తీసి ముందు గదిలో నాలుగు అడుగులు వేశామో లేదో, మా చిన్నోడు "కాళ్ల మీద నువ్వులు దుంకుతున్నయ్" అని అరిచాడు. వంగి చూస్తే నిజమే, పాదాల నుంచి పిక్కల దాకా నల్ల చుక్కలు, తుడిచేస్తే ఎగిరి మళ్లీ ఎక్కుతున్నాయి. మా పిల్లులు రెండూ ఆ తొమ్మిది రోజులూ పక్కింట్లోనే ఉన్నాయి. పిల్లే లేని ఇంట్లో ఇన్ని ఎక్కడి నుంచి వచ్చాయి?

అవి ఫ్లీలు, అంటే రక్తం తాగి బతికే, దుంకే చిన్న పురుగులు. అవన్నీ పోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, అందులో మొదటి నెల నా తప్పుల వల్లే వృథా అయింది. ఎట్లా పోయాయని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, ఏ రోజు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు అవి ఫ్లీలేనా చూసుకోండి

మన వైపు పిల్లి మీద ఏది పాకినా గోమార్లు అనేస్తాం, కొందరు పిల్లి పేలు అంటారు. పేరు ఏదైనా ఫర్వాలేదు కానీ మందు మాత్రం పురుగును బట్టి మారుతుంది.

- ఫ్లీ: నువ్వుగింజ కన్నా చిన్నది, ముదురు గోధుమ రంగు, రెండు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది. రెక్కలుండవు. పట్టుకోబోతే దుంకుతుంది.
- గోమారి: ఒకచోట కరుచుకుని కదలకుండా ఉంటుంది, రక్తం తాగి ఉబ్బుతుంది, దుంకదు. ఎక్కువగా చెవులు, మెడ దగ్గర కనిపిస్తుంది.
- నల్లి: మంచం సందుల్లో, పరుపు కుట్లలో ఉంటుంది. పిల్లి ఒంటి మీద కాపురం పెట్టదు. రాత్రి పడుకున్నప్పుడు కుడుతుంది.

మనుషులకు ఫ్లీ కాట్లు ఎక్కువగా చీలమండల చుట్టూ, గుంపులుగా, ఎర్ర చుక్కల్లా వస్తాయి.

అనుమానం తీరడానికి ఒక పరీక్ష ఉంది. తెల్ల కాగితం మీద పిల్లిని నిలబెట్టి, తోక మొదలు దగ్గర వెంట్రుకలను ఎదురు దిశలో పేల దువ్వెనతో దువ్వండి. మిరియాల పొడిలాంటి నల్ల రవ్వ రాలితే దాని మీద రెండు నీటి చుక్కలు వేసి అర నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే చుట్టూ ఇటుక రంగు పారుతుంది, ఎందుకంటే అది పిల్లి రక్తమే, అరిగి ఎండిపోయింది. మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపులో తిప్పింది.

ఇంట్లో ఎక్కడ ఎక్కువున్నాయో తెలియాలంటే తెల్ల సాక్సులు మోకాళ్ల దాకా లాగి, ఒక్కో గదిలో రెండు నిమిషాలు నడవండి. సాక్సుల మీద ఎక్కిన చుక్కలు లెక్కపెట్టి, గదుల వారీగా రాసి పెట్టుకోండి. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది.

ఇంకో మాట. "మా పిల్లి గోక్కోవట్లేదు కదా" అని ధీమాగా ఉండకండి. పిల్లి రోజంతా నాకి నాకి చాలావాటిని మింగేస్తుంది, అందుకే ఒంటి మీద ఒక్కటీ కనిపించకపోవచ్చు. రవ్వ మాత్రం దొరుకుతుంది.

2. పోయినట్టే పోయి మళ్లీ ఎందుకొస్తాయి

ఇది అర్థం కాకపోతే మిగతాదంతా చేసినా లాభం లేదు. కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆడ ఫ్లీ పిల్లి రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, రోజుకు 40 దాకా పెడుతుంది. మన తలలో పేలు పెట్టే ఈర్లు వెంట్రుకకు అంటుకుని ఉంటాయి కదా, ఇవి అట్లా కాదు, ఉప్పు రవ్వలా జారిపోతాయి. అంటే పిల్లి ఎక్కడ పడుకుంటే, ఎక్కడి నుంచి దూకితే, ఎక్కడ ఒళ్లు విదిలిస్తే అక్కడ విత్తనం చల్లినట్టే.

గుడ్డు పగిలి సన్నని తెల్ల దారప్పోగు లాంటి పురుగు వస్తుంది. దానికి వెలుతురు పడదు. దివాన్ కిందికి, చాప కిందికి, బండల సందులోకి పాకి, పైనుంచి రాలే ఆ రక్తపు రవ్వనే తిని పెరుగుతుంది. తర్వాత జిగురు దారంతో గూడు కట్టుకుంటుంది, ఆ జిగురుకు దుమ్ము, వెంట్రుకలు అంటుకుని గూడు మట్టి ఉండలా అయిపోతుంది. మీరు పక్కనే కూర్చుని చూసినా గుర్తుపట్టరు.

అసలు చిక్కంతా ఆ గూడుతోనే. అందులో ఉన్నదాని దాకా ఏ స్ప్రే అయినా దాదాపు పోదు. వేడి, తేమ బాగుంటే వారం పది రోజుల్లో బయటికొస్తుంది, లేదంటే నెలల తరబడి అట్లాగే కాచుకుని ఉంటుంది. నేల అదిరినా, ఒంటి వేడి తగిలినా, ఊపిరి గాలి తగిలినా "తిండి వచ్చింది" అని ఒక్కసారిగా బయటికొస్తుంది. దసరా తర్వాత మా ఇంట్లో జరిగింది ఇదే. తొమ్మిది రోజులు గూళ్లలో తయారై కూర్చున్నవి మా అడుగుల చప్పుడుకు లేచాయి.

పశువైద్యులు చెప్పే లెక్క ఏమిటంటే, పిల్లి మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో ఇంట్లో ఉంటుంది. పిల్లికి స్నానం చేయించి "పోయినయ్" అనుకుంటే ఆ 5 శాతాన్ని కడిగినట్టే, నేను మొదటి నెలంతా చేసింది అదే.

కాలం సంగతి కూడా చెప్పాలి. గాలిలో తేమ, 21 నుంచి 30 డిగ్రీల వేడి వీటికి బాగా పడతాయి, అందుకే మనకు ముసురు పట్టినప్పటి నుంచి దసరా దాటేదాకా ఎక్కువ. మన మే నెల పొడి ఎండకు వాకిట్లో పడ్డ గుడ్లు, పురుగులు నిలవవు. కానీ కూలర్ పెట్టుకున్న గదిలో మంచం కింద మే నెల ఉండదు కదా.

3. మందు కొనేముందు: పిల్లి మీద వేయకూడనివి

ఈ భాగం దాటేసి కిందికి పోకండి. ఫ్లీలతో చచ్చే పిల్లుల కన్నా ఫ్లీ మందు అనుకుని మనం వేసినదానితో ప్రమాదంలో పడే పిల్లుల గురించే నేను ఎక్కువ విన్నాను.

దేవరకొండ దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఇంట్లో గేదెల గోమార్లకు తెచ్చిన మందు ఉంది. బకెట్ నీళ్లలో ఒక మూత కలిపి గేదెను కడగ్గా మిగిలిన నీళ్లను పిల్లి మీద పోశారు. "అంత పెద్ద బర్రెకు ఏం కాలే, దీనికేమైతదే" అనుకుంది పెద్దమ్మ. రెండు మూడు గంటలకు పిల్లి చెవులు టకటకా కొట్టుకోవడం మొదలైంది, తర్వాత మూతి నుంచి చొంగ, తర్వాత ఒళ్లంతా వణుకు, నిలబడబోయి పక్కకు పడిపోయింది. రెండు రోజులు దవాఖానలో సెలైన్ మీద ఉండి బతికింది. అన్నిటికీ ఆ అదృష్టం ఉండదు.

కారణం సులువు. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులను కుక్క ఒళ్లు, గేదె ఒళ్లు విరిచి బయటికి పంపుతాయి. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. పైగా పిల్లి ఒంటి మీద పడ్డ ప్రతిదాన్నీ నాకుతుంది.

వేయకూడనివి:

- గేదెలు, మేకల గోమార్లకు వాడే నీళ్లలో కలిపే మందులు
- "కుక్కలకు మాత్రమే" అని రాసి ఉన్న చుక్కల మందు, పౌడర్, షాంపూ, కాలర్. కుక్కది సగం వేస్తే సరిపోతుందనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు
- అమిట్రాజ్ ఉన్న గోమారి మందులు
- మనుషుల పేల మందు
- చీమల సుద్దముక్క, బొద్దింకల స్ప్రే, దుకాణంలో విడిగా అమ్మే పురుగుల పౌడర్లు
- కిరోసిన్, ఫినాయిల్, డెట్టాల్ లాంటి ద్రవాలు. నీళ్లు కలిపినా సరే
- కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు, టీ ట్రీ నూనె, యూకలిప్టస్ నూనె
- వెల్లుల్లి, ఉల్లి తినిపించడం. ఇవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి

మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. వరికి వాడే ఫిప్రోనిల్, పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ మన ఇళ్లలో డబ్బాల కొద్దీ ఉంటాయి, పిల్లి మందు అట్ట మీద కూడా అవే పేర్లు కనిపిస్తాయి. "పేరు అదే కదా, అయిదు వందలు ఎందుకు దండగ" అనిపిస్తుంది. పేరు ఒక్కటే కానీ పొలం మందులో కలిపే ద్రావకాలు వేరు, మోతాదు వేరు, అది ఒంటి మీద వేయడానికి తయారు చేసింది కాదు. ఆ డబ్బా జోలికి పోవద్దు.

వేపనూనె, పసుపు గురించి అడుగుతారు. వేపనూనె పూస్తే పిల్లి నాకుతుంది, కొన్ని పిల్లులకు అది పడదు. పసుపు రాస్తే ఫ్లీలు పోవు, పిల్లి పసుపు రంగులోకి మారుతుంది, అంతే. వేపాకు పొగ గూటి లోపలికి పోదు, దగ్గు మాత్రం మనకూ పిల్లికీ వస్తుంది.

ఇప్పటికే పొరపాటున ఏదైనా వేసేసి ఉంటే: గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవపు సబ్బుతో వెంటనే కడగండి. మరీ వేడి నీళ్లు వద్దు, చన్నీళ్లూ వద్దు. పొడి టవల్‌లో చుట్టి, ఆ మందు డబ్బా చేతిలో పట్టుకుని దవాఖానకు పోండి. పాలు పట్టడం, వాంతి చేయించడం మీద టైం పోగొట్టకండి.

4. ముందురోజు సిద్ధం చేసుకోవాల్సినవి

పిల్లి మందు, ఇంటి శుభ్రం రెండూ ఒకే రోజు జరగాలి. అందుకే ఇంట్లో అందరూ ఉండే ఆదివారం పెట్టుకోండి, సామాన్లన్నీ శనివారమే తెచ్చుకోండి.

- ప్రతి పిల్లి బరువు. మీరు పిల్లిని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసేస్తే వస్తుంది
- పిల్లి వయసు, చూడిదా, పాలిస్తోందా అన్న వివరం
- పశువైద్యుణ్ని అడిగి తెచ్చిన, పిల్లులకు అని స్పష్టంగా రాసి ఉన్న మందు, కనీసం మూడు నెలలకు సరిపడా
- సన్న పళ్ల దువ్వెన, సబ్బు నీళ్ల గిన్నె
- మూతి కట్టగలిగే మందపాటి ప్లాస్టిక్ సంచులు
- బట్టల సబ్బు పొడి, నీళ్లు కాచడానికి పెద్ద గిన్నె
- టార్చిలైటు, బండల సందులు గీకడానికి పాత టూత్ బ్రష్
- వాక్యూమ్ క్లీనర్ ఉంటే మంచిది. పక్కింటివాళ్లను అడిగి తెచ్చుకున్నా సరే

జిల్లా కేంద్రంలో పశువుల దవాఖానకు పోతే ముందు గేదెల వరసే ఉంటుంది, పిల్లిని పట్టుకుని నిలబడితే కొంచెం వింతగా చూస్తారు. సిగ్గుపడకండి. గంప మీద బట్ట కట్టి తీసుకుపోండి, బరువు చెప్పి "ఫ్లీలకు, పిల్లికి పనికొచ్చే స్పాట్ ఆన్ కావాలి సార్" అని అడగండి (స్పాట్ ఆన్ అంటే చర్మం మీద వేసే చుక్కల మందు), చీటీ రాయించుకోండి.

5. పిల్లికి మందు వేయడం

ఎక్కువగా ఇచ్చేవి ఫిప్రోనిల్ లేదా సెలమెక్టిన్ ఉన్న చుక్కల మందు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వస్తుంది. మాకు రాసిచ్చింది ఫిప్రోనిల్, పిల్లికి అర మిల్లీలీటర్ గొట్టం. ఇవి సాధారణంగా 8 వారాలు దాటిన పిల్లికూనలకే. మీ మందు అట్ట మీద వయసు, బరువు ఎంతుందో చదవండి.

1. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు పిల్లికి స్నానం వద్దు. ఫిప్రోనిల్ ఒంటి జిడ్డులో కలిసి పరుచుకునే మందు, షాంపూ ఆ జిడ్డును తీసేస్తుంది.

2. ఇల్లు ఊడ్చే గోలకు ముందే మందు వేయండి. ఒకరు పిల్లిని టవల్‌లో చుట్టి ఒడిలో పెట్టుకోవాలి, ఇంకొకరు వేయాలి. గోళ్లు లోపల ఉండేలా చుట్టండి.

3. చోటు ముఖ్యం. తల వెనక, మెడ మొదట్లో, నాలుక అందని చోట వేయాలి. నేను మొదటిసారి వీపు మధ్యలో వేశాను, మా చారలది తల తిప్పి నాకి అరగంట నురగ కక్కింది.

4. వెంట్రుకలను రెండు వేళ్లతో పాయ తీసినట్టు విడదీయండి. కింద తెల్లటి చర్మం కనిపించాలి. గొట్టం కొన చర్మానికి ఆనించి మొత్తం పిండండి. మందు వెంట్రుకల మీద ఉండిపోతే దండగే.

5. చేతులు కడుక్కోండి. ఆ చోటు ఆరేదాకా పిల్లలను ముట్టనివ్వొద్దు. రెండు పిల్లులుంటే ఆరేదాకా వేర్వేరు గదుల్లో ఉంచండి, ఒకదాన్నొకటి నాకుతాయి.

6. ఇంట్లో ఉన్న అన్ని పిల్లులకూ అదే రోజు వేయాలి. కుక్క ఉంటే కుక్క మందు కుక్కకు. ఇవి పేరుకు పిల్లి ఫ్లీలే కానీ కుక్క మీద కూడా హాయిగా బతుకుతాయి. కుందేలు ఉంటే దానికి ఫిప్రోనిల్ వేయొద్దు, ప్రాణం తీస్తుంది.

మరీ చిన్న పిల్లికూనలకు, అంటే ఎనిమిది వారాల్లోపు వాటికి, ముందు దువ్వెనే మందు. ముందుగా మెడ చుట్టూ సబ్బు నురగ కట్టి, తర్వాత గోరువెచ్చని నీళ్లలో మెడ దాకా ముంచాలి, లేకపోతే ఫ్లీలన్నీ ముఖం మీదికి ఎక్కుతాయి. కడిగి, వెంటనే తుడిచి, వెచ్చగా చుట్టి, దువ్వాలి. దువ్వెనకు వచ్చినవాటిని గోటితో నలపకుండా సబ్బు నీళ్లలో ముంచండి. ఉత్త నీళ్లలో తేలి మళ్లీ దుంకుతాయి, సబ్బు ఉంటేనే మునుగుతాయి. చూడి పిల్లికి, పాలిచ్చే తల్లికి ఏం వేయాలో మాత్రం డాక్టర్ చెప్పిందే చేయండి.

6. అదే రోజు ఇల్లు: వరస తప్పకుండా

పైనుంచి కిందికి, లోపలి గది నుంచి వాకిలికి. ఊడ్చేసి తర్వాత బట్టలు దులిపితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ముందు బట్టలు. పిల్లి పడుకునే గుడ్డలు, చద్దర్లు, బొంతలు, మెత్తల గలీబులు, పరదాలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు అన్నీ ఉన్నచోటే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి బయటికి తేవాలి. చేతుల్లో పట్టుకుని ఇల్లంతా తిప్పితే గుడ్లు రాలుతూ పోతాయి. ఉతికేవి 60 డిగ్రీల వేడి నీళ్లలో, అంటే చేయి పెట్టలేనంత వేడిలో, సబ్బు పొడి వేసి నానబెట్టండి.

ఉతకలేనివి ఉంటాయి, పత్తి పరుపులు, గొంగళ్లు. వాటిని మిద్దె మీద ఎండలో పరిచి, మధ్యాహ్నం తిరగేసి, రెండు వైపులా ఎండనివ్వండి. ముసురు రోజుల్లో ఎండ లేకపోతే పరుపు కుట్ల వెంబడి ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా నడపండి, గుడ్డ కాలకుండా చూసుకుని. పిల్లి పడుకునే పాత గుడ్డలు మరీ పాడైతే వాటి మీద ప్రేమ పెట్టుకోకండి, కాల్చేయండి.

తర్వాత సామాన్లు జరపడం. దివాన్, బీరువా, కూలర్ స్టాండు, ఫ్రిజ్ వెనక. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ రవ్వ దొరికింది బియ్యం బస్తాల వెనక, ఎలుకల కోసం మా నల్లది రోజూ కాపలా పడుకునే చోట. సోఫా ఉంటే దిండ్లు తీసి కింద మడతల్లో టార్చి వేసి చూడండి.

ఇక నేల. వాక్యూమ్ ఉంటే గోడ అంచులు, సందులు, సోఫా మడతలు అన్నీ లాగండి. వాక్యూమ్ అదురుకు గూళ్లలోవి బయటికి కూడా వస్తాయి, అది మనకు మంచిదే. లోపలి సంచిని వెంటనే ప్లాస్టిక్ సంచిలో కట్టి బయట పారేయాలి, మిషన్‌లో వదిలేస్తే లోపలివి పెరిగి మళ్లీ బయటికొస్తాయి.

పొరకతో ఊడిస్తే ముందు నీళ్లు చిలకరించండి, పొడిగా ఊడిస్తే సగం గాల్లోకి లేచి మళ్లీ పడుతుంది. చెత్తను మూలకు పెట్టొద్దు, నేరుగా సబ్బు నీళ్ల బకెట్లోకి.

టైల్స్ నేలకు ఇది చాలు. మన పాత ఇళ్లలో షాబాద్ బండల నేల ఉంటుంది, బండకూ బండకూ మధ్య సిమెంటు ఊడిపోయి సందులుంటాయి, అవే వీటికి కాలనీలు. పాత టూత్ బ్రష్‌తో సందులు గీకి, ఊడ్చి, మసలే నీళ్లలో సబ్బు కలిపి సందు వెంబడి సన్నగా పోయండి. పిల్లలను, పిల్లులను ఆ గదిలోకి రానివ్వకండి. ఎండాక తెల్ల సిమెంటుతో సందులు పూడ్చుకుంటే సగం సమస్య అక్కడే పోతుంది, మాకు పోయింది. మట్టి నేల అయితే వాన నీరు, తేమ లేకుండా ఆరబెట్టి, పై పొర గీకి తీసేసి కొత్తగా అలకండి.

సున్నం, బోరిక్ పౌడర్ చల్లమని చెప్పేవాళ్లుంటారు. పిల్లి ఆ నేల మీద నడిచి కాళ్లు నాకుతుంది. చల్లకండి.

7. స్ప్రే కావాలా?

నాలుగైదు గదులకు పాకి, సాక్సు మీద ఒక్కో గదిలో పది దాటితే కావాలి. లేకపోతే పైవే చాలు, కొంచెం ఓపిక ఎక్కువ కావాలి అంతే.

పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఏ మందు కొడుతున్నారు, గుడ్లు పురుగులు పెద్దవి కాకుండా ఆపే పైరిప్రాక్సిఫెన్ లాంటిది అందులో ఉందా, రెండోసారి ఎప్పుడొస్తారు. "ఒక్కసారికే మొత్తం పోతయ్ సార్" అన్నవాళ్లకు గూళ్ల సంగతి తెలియదని అర్థం. నా దగ్గరికి వచ్చినతను అదే మాట చెప్పి డబ్బులు తీసుకుపోయాడు, పద్దెనిమిదో రోజు మళ్లీ దుంకుడు మొదలు.

కొట్టేముందు పిల్లులను, పక్షులను బయటికి పంపాలి. చేపల తొట్టి ఉంటే మూసి, గాలి మోటారు ఆపాలి. పిల్లి గిన్నెలు, నీళ్లు తీసేయాలి. నేల పూర్తిగా ఆరి, కిటికీలు తెరిచి గాలి ఆడాకే పిల్లులను తేవాలి. తడి నేల మీద పిల్లి నడిస్తే మూడో భాగంలో చెప్పిన వణుకే. కొట్టిన తర్వాత తడి గుడ్డతో తుడిచేస్తే మందు పోతుంది, ఎన్ని రోజులు తుడవకూడదో వాళ్లనే అడగండి.

8. వాకిలి, కొట్టం, ఎలుకలు

ఎర్రటి ఎండ తగిలే వాకిలి గురించి టెన్షన్ వద్దు. నీడ, తేమ, దుమ్ము మూడూ ఉన్నచోట చూడండి: కట్టెల కుప్ప కింద, మెట్ల కింద, కారు షెడ్డు మూల, కొట్టంలో గడ్డి పక్కన, పిల్లి ఈనిన అటక. అక్కడి చెత్త తీసి ఎండ తగలనివ్వండి. వీధి పిల్లులకు అన్నం పెడతారా, పెట్టండి, కానీ గడప అవతల, మీ పిల్లి పడుకునే చోటికి దూరంగా.

ఎలుకల మీద కూడా ఫ్లీలుంటాయి. బియ్యం బస్తాలు గోడకు జానెడు దూరంగా, చెక్క మీద పెట్టండి. ఎలుకల మందు మాత్రం పిల్లి ఉన్న ఇంట్లో వద్దు, మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ఎక్కుతుంది. బోను పెట్టండి.

9. తర్వాత పన్నెండు వారాలు

మొదటి వారం: రోజూ ఊడవడం, పిల్లి పడుకునే గుడ్డ మూడు రోజులకోసారి వేడి నీళ్లలో. గూళ్లు బద్దలై కొత్తవి వస్తుంటాయి, మందు వేసిన పిల్లి మీదికి ఎక్కి చస్తాయి.

రెండు నుంచి నాలుగో వారం: అందరూ భయపడేది ఇక్కడే. తగ్గినవి ఉన్నట్టుండి ఎక్కువగా కనిపిస్తాయి. మందు పనిచేయట్లేదని ఇంకో మందు తెచ్చి వేస్తారు, ఇది ప్రమాదం. ఇవి పాత గూళ్లలోంచి వస్తున్నవి. గదిని మూసి ఉంచకండి, పిల్లిని ఇల్లంతా తిరగనివ్వండి, మందు వేసిన పిల్లే నడిచే బోను.

30వ రోజు: రెండో డోసు. క్యాలెండర్ మీద గీత పెట్టుకోండి.

60వ రోజు: మూడో డోసు. ఇంట్లో ఒక్కటీ కనిపించకపోయినా సరే.

వారానికోసారి సాక్సు లెక్క రాయండి. రాత్రిపూట నేల మీద వెడల్పు పళ్లెంలో నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, పైన చిన్న బల్బు పెట్టినా తెల్లారేసరికి పడ్డవి లెక్కపెట్టొచ్చు. దీనితో ఫ్లీలు పోవు, ఎంత తగ్గాయో తెలుస్తుంది. మా ముందు గదిలో మొదటి ఆదివారం 23, నాలుగో ఆదివారం 9, ఎనిమిదో ఆదివారం 1, పన్నెండోసారి సున్నా.

10. తగ్గకపోతే ఎక్కడ తప్పిందో

- రెండు పిల్లుల్లో ఒకటి చేతికి చిక్కలేదని వదిలేశారా? ఆ ఒక్కటి చాలు ఇల్లంతా నింపడానికి. అన్నంతో గదిలోకి రప్పించి, తలుపేసి పట్టుకోండి.
- మందు వేసిన మర్నాడే స్నానం చేయించారా? మళ్లీ ఎప్పుడు వేయొచ్చో డాక్టర్‌ను అడగండి, మీకు మీరు వేయొద్దు.
- నెల దాటి పది రోజులు ఆలస్యమైందా? ఆ పది రోజుల గుడ్లకు ఇంకో నెల లెక్క.
- పిల్లి రహస్యంగా పడుకునే చోటు వదిలేశారా? ఒక మధ్యాహ్నం దాని వెనకే తిరగండి. మాది మూడు చోట్లే అనుకున్నాం, ఏడు తేలాయి, ఒకటి సందుకలో పెళ్లి చీరల మీద.
- అద్దె ఇంట్లో పక్క వాటాలో పిల్లి ఉందా? వాళ్లతో మాట్లాడి ఇద్దరూ ఒకే ఆదివారం పెట్టుకోండి.

11. దవాఖానకు ఎప్పుడు పోవాలి

- చిన్న పిల్లికూన చిగుళ్లు ఎర్రగా లేకుండా పాలిపోయి ఉంటే, మత్తుగా పడి ఉంటే, అదే రోజు. ఫ్లీలు తాగే రక్తానికి చిన్న కూనలు నిజంగానే చచ్చిపోతాయి.
- నడుము, తోక మొదలు దగ్గర వెంట్రుకలు ఊడి పొక్కులు కట్టి ఉంటే. కొన్ని పిల్లులకు ఫ్లీ ఉమ్మి పడదు, ఒకటి రెండు కాట్లకే దురద ఆగదు, దానికి వేరే మందు కావాలి.
- తోక కింద, పడుకునే గుడ్డ మీద బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే. అది బద్దెపురుగు. పిల్లి నాకుతూ ఫ్లీని మింగితే కడుపులోకి చేరుతుంది. చుక్కల మందు చాలావాటికి బద్దెపురుగు పోదు, ప్రాజిక్వాంటెల్ బిళ్ల బరువును బట్టి ఇస్తారు. ఫ్లీలు ఇంట్లో ఉండగా బిళ్ల ఒక్కటే వేస్తే మళ్లీ వస్తుంది.

ఇంట్లో మనుషులకు కాట్ల దురద అయితే సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టి, గోళ్లు కత్తిరించుకుంటే చాలావరకు తగ్గుతుంది. పిల్లి గీరిన చోట సబ్బు నీళ్లతో వెంటనే కడగండి, ఎందుకంటే ఫ్లీ రెట్టలోని బాక్టీరియా పిల్లి గోళ్లకు అంటుకుని గీరుడు ద్వారా మనకు రావచ్చు. గీరిన వారం రెండు వారాలకు జ్వరం, చంకలో గానీ మెడ దగ్గర గానీ బిళ్ల కడితే డాక్టర్ దగ్గర "మా ఇంట్లో పిల్లి ఉంది, గీరింది" అని మీరే ముందు చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

ఇక ఊరికి పోయి పది రోజులకు తిరిగొచ్చేటప్పుడు మేం చేసేది: తెల్ల సాక్సులు సంచిలో పైనే పెట్టుకుంటాం, తాళం తీశాక ఒక్కరే లోపలికి పోయి రెండు నిమిషాలు నడుస్తారు, మిగతావాళ్లు గేటు దగ్గరే ఆగుతారు.